పనిగదిలో జ్ఞాపకాలకు అద్దాల అర: ఒక గోడ షోకేసు సమీక్ష

ఇంటి గ్యారేజీని పనిగదిగా మార్చుకున్నవారి గోడలను చూస్తే, పనిముట్ల మధ్య పనికి అక్కరలేని వస్తువులు కొన్ని తప్పకుండా కనిపిస్తాయి. అమ్మేసిన పాత కారు నుంచి విప్పి దాచుకున్న చిహ్నం, మొదటి మోటారు సైకిలు తాళంచెవి, పిల్లలు చిన్నప్పుడు తామే మేకులు కొట్టి చేసిన వంకర చక్రాల కొయ్యబండి, పెద్దవారు వాడి వదిలిన చిత్రిక, ఎప్పుడో గెలిచిన పతకం, ఇవన్నీ మేకులకు వేలాడుతూనో కిటికీ గట్టు మీద రంపపు పొట్టులో కూరుకుపోతూనో ఉంటాయి. అలాంటి వస్తువుల కోసమే ప్రత్యేకంగా రూపొందించామని చెప్పి అమ్ముతున్న ఒక గోడ షోకేసును నేను కొని, నా పనిబల్లకు ఎదురుగా ఉన్న గోడకు బిగించుకుని వాడుతున్నాను. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే నమూనాను ఇవే పదార్థాలతో చాలామంది చేస్తున్నారు కనుక, నేను చెప్పబోయే మంచిచెడులు ఆ కోవకు చెందిన ఏ షోకేసును కొనేవారికైనా పనికివస్తాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. దుమ్మును ఆపే విషయంలో ఈ షోకేసు ఇచ్చిన మాటను పూర్తిగా నిలబెట్టుకుంది. అయితే దాని లోపలి చెక్కా గుడ్డా, మనం ఏ వస్తువులను కాపాడాలని దాన్ని కొన్నామో ఆ వస్తువులకే హాని చేసే రకానివి. ఆ లోపాన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు, సరిచేసుకున్నాక ఇది నిజంగా మంచి షోకేసు.

వెడల్పు 90 సెంటీమీటర్లు, ఎత్తు 60, లోతు 12. పెట్టె ఎండీఎఫ్ పలకతో (చెక్క పీచును జిగురుతో కలిపి అదిమి చేసే పలకతో) చేసినది, పైన ఓక్ చెక్క పొర అతికించారు. లోపల రెండు గాజు అరలు, ముందు కీళ్ల మీద తెరుచుకునే గాజు తలుపు, తలుపు అంచు పొడవునా సిలికాన్ రబ్బరు పట్టీ, వెనుక పలకకు ఆకుపచ్చ ఉన్ని ఫెల్టు గుడ్డ, పై అంచున ఎల్ఈడీ దీపాల పట్టీ ఉన్నాయి. గోడకు తగిలించడానికి ఏటవాలుగా కోసిన రెండు బద్దలు ఇచ్చారు. ఒకటి గోడకు, ఒకటి షోకేసు వీపుకు బిగిస్తే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. బరువు మోయడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు, విడిభాగాల అమరిక గురించి ఫిర్యాదు చేయవలసిందేమీ లేదు.

పనిగదిలో దుమ్ము అంటే హాల్లో పేరుకునే దుమ్ము కాదు. చెక్కను సాండ్‌పేపరుతో రుద్దినప్పుడు లేచే సన్నని పొడి గంటల తరబడి గాలిలో తేలుతూ, ఎక్కడ సందు దొరికితే అక్కడికి చేరుతుంది. గ్రైండరు నుంచి రాలే ఇనుప రజను ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది ఏ వస్తువు మీద వాలితే దాని మీద చెమ్మ తగిలిన వెంటనే తుప్పు చుక్కలుగా మారుతుంది. ఈ షోకేసు పక్కనే బల్ల మీద పెద్ద పలకను రుద్దే పని పూర్తయ్యాక, షోకేసు పైకప్పు మీద వేలితో పేరు రాయగలిగేంత పొడి పేరుకుంది కానీ, తలుపు తెరిచి లోపలి గాజు అరను నల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డ మీద మరక కనిపించలేదు. రబ్బరు పట్టీ తలుపు నాలుగు వైపులా ఎడం లేకుండా అతుక్కుంటుంది, మూలల్లో కూడా పట్టీని ముక్కలుగా కోయకుండా ఒకే తీరుగా వంచి అమర్చారు. తలుపుకు అక్రిలిక్ కాకుండా గాజునే వాడడం కూడా సరైన నిర్ణయం. అక్రిలిక్ తేలికే, అంత సులువుగా పగలదు కూడా, కానీ పొడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ దానికి స్థిర విద్యుత్తు అంటుకుని తిరిగి దుమ్మునే లాక్కుంటుంది. పైగా థిన్నరు, అసిటోన్ తగిలితే దాని మీద సన్నని నెర్రెలు వస్తాయి. రంగులు కలిపే గదిలో గాజే క్షేమం.

గోడ ఎంపికలో మాత్రం కొనేవారు కొంత ఆలోచించాలి. వస్తువులను కదలకుండా పట్టి ఉంచే వైసో గ్రైండరో బిగించిన బల్ల ఆనుకుని ఉన్న గోడకే షోకేసు తగిలిస్తే, సుత్తి దెబ్బలకూ యంత్రం అదురుకూ గాజు అరల మీది వస్తువులు కంటికి కనిపించనంత నెమ్మదిగా కదులుతూ అంచు వైపు జరుగుతాయి. ఇది ఊహ కాదు. ఇంగ్లండులోని మాంచెస్టర్ మ్యూజియంలో నెబ్-సెను అనే ప్రాచీన ఈజిప్టు విగ్రహం తాళం వేసిన గాజు పెట్టెలో తనంతట తానే తిరుగుతున్నట్టు 2013లో వార్తలు వచ్చినప్పుడు, చివరికి తేలిన కారణం అదే. విగ్రహం అడుగు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండడం వల్ల బయటి రాకపోకల ప్రకంపనలకు గాజు అర మీద మెల్లగా తిరిగింది. అందువల్ల గుండ్రటి అడుగున్న వస్తువుల కింద సూక్ష్మస్ఫటిక మైనం (మైక్రోక్రిస్టలైన్ వాక్స్ అనే జిగురు మైనం) చిన్న చిన్న ఉండలుగా చేసి అంటించడం మంచిది. కావాలనుకున్నప్పుడు మెల్లగా మెలితిప్పితే వస్తువు ఊడి వస్తుంది, మరక మిగలదు. ఈ మైనాన్ని షోకేసుతో పాటే ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇక అసలు లోపం. ఎండీఎఫ్ పలకలో చెక్క పీచును కలిపి ఉంచే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ చాలా కాలం పాటు కొద్దికొద్దిగా వెలువడుతూ ఉంటుంది, ఓక్ చెక్క నుంచి అసిటిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. గాలి ఆడే గదిలో ఇది పట్టించుకోదగ్గ విషయం కాదు. కానీ దుమ్ము దూరనంత బిగువుగా మూసిన పెట్టెలో ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక లోపలే నిలిచిపోతుంది. అంటే ఈ షోకేసుకున్న మంచి గుణమే దాని చెడ్డ గుణాన్ని పెంచుతోంది. సీసంతో చేసిన బొమ్మలు, గేలానికి కట్టే సీసపు గుండ్లు ఈ ఆవిరికి తెల్లటి పొడిగా మారిపోతాయి, సముద్రపు గవ్వల మీద ఉప్పు పేరినట్టు తెల్లని పూత లేస్తుంది. ఉన్ని ఫెల్టులోని గంధకం వెండి పతకాలను నల్లబరుస్తుంది. మ్యూజియాల వారికి ఇదంతా బాగా తెలిసిన విషయమే. బ్రిటిష్ మ్యూజియానికి చెందిన ఆండ్రూ ఆడీ 1973లో ప్రతిపాదించిన పరీక్ష ఇప్పటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది. పరీక్షించవలసిన గుడ్డనో చెక్కనో వెండి, సీసం, రాగి ముక్కలతో పాటు కొద్ది నీటితో గాజు పాత్రలో మూసి, 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో 28 రోజులు ఉంచి, లోహాల మీద మార్పు వచ్చిందా అని చూస్తారు. అర్ధ శతాబ్దంగా అందుబాటులో ఉన్న ఈ జ్ఞానాన్ని, జ్ఞాపకాలను భద్రపరుస్తామని ప్రకటించుకునే తయారీదారు వినియోగించుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. పొడి పూత (పౌడర్ కోటింగ్) వేసిన ఇనుప రేకుతోనో అల్యూమినియంతోనో పెట్టె చేసి, పైకి మాత్రమే చెక్క తొడుగు వేసి ఉంటే ఈ సమస్యే ఉండేది కాదు.

దీనికి నేను చేసిన మరమ్మతు ఏ పనిగదిలోనైనా సాధ్యమయ్యేదే. ఫెల్టును గీకి తీసేసి, తలుపు తెరిచే ఉంచి పెట్టెను కొన్ని వారాలు గాలికి వదిలాను. తరువాత లోపలి గోడలన్నిటికీ అల్యూమినియం రేకు అతికిన ప్లాస్టిక్ పొరను అంటించి, కోసిన అంచులను అల్యూమినియం టేపుతో మూసి, దాని మీద రంగు వేయని నూలుగుడ్డను బాగా ఉతికి పరిచాను. ఆకుపచ్చ ఫెల్టు కంటే ఈ పాలిపోయిన గుడ్డ మీదే పాత ఇనుము, ఇత్తడి ఎక్కువ అందంగా కనిపిస్తున్నాయి.

తేమ గురించి కూడా తయారీదారు ఆలోచించలేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది, గ్యారేజీలో రాత్రీ పగలూ ఉష్ణోగ్రత మారుతూ ఉంటుంది కనుక చల్లబడిన లోహం మీద చెమ్మ చేరే అవకాశం ఇంటి లోపలి కంటే ఎక్కువ. పెట్టె అడుగున తేమను పీల్చే సిలికా జెల్ గింజలు పెట్టుకునే చిన్న సొరుగు ఒకటి ఉండవలసింది. నేను పై అరలో ఒక మూల తేమ కొలిచే చిన్న మీటరునూ, కింద చిల్లుల డబ్బాలో నారింజ రంగు సిలికా జెల్‌నూ ఉంచాను. గింజలు ఆకుపచ్చకు తిరిగితే తేమ నిండిందని అర్థం. వాటిని 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్లీ పనికివస్తాయి. ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటుంది. నేలలు కడగడానికి వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా ఆ గదిలో ఉంటే, మూత ఎంత బిగించినా దాని ఆవిరి చుట్టుపక్కల ఇనుమంతటినీ తుప్పు పట్టిస్తుంది. ముందు దాన్ని ఆ గదిలోంచి తీసేయాలి. పాత రేడియోనో టార్చిలైటో పెట్టేవారు లోపలి బ్యాటరీలను తీసిన తరువాతే పెట్టాలి.

దీపాల పట్టీ వెలుతురు చక్కగా పడుతుంది, కరెంటు అడాప్టరు పెట్టె బయటే ఉండడం వల్ల లోపల వేడి పెరగదు. అయినా ఫొటోలు, రంగు రిబ్బన్లు, ఉత్తరాలు ఇందులో పెట్టకపోవడమే మంచిది. ఇలాంటివాటికి మ్యూజియాలు 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వవు, పనిగదిలో దానికి ఎన్నో రెట్ల వెలుతురు కావాలి. అసలు ఫొటోను ఇంట్లో పాలిస్టర్ కవరులో దాచి, నకలు తీయించి ఇక్కడ పెట్టుకోవచ్చు.

ఈ షోకేసులో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం చూడడానికి చాలా చిన్నది. ప్రతి అర ముందు అంచున కార్డు దూర్చుకునే సన్నని అల్యూమినియం గాడి ఒకటి ఉంది. ఏ వస్తువు ఎవరిది, ఏ పనికి వాడారు, ఎప్పుడు చేతికి వచ్చింది అన్నది రెండు వాక్యాలలో పెన్సిలుతో రాసి పెట్టవచ్చు. జ్ఞాపిక విలువ వస్తువులో సగం, దాని కథలో సగం ఉంటుంది, కథ తెలిసిన మనిషి లేనప్పుడు ఆ వస్తువు పాత ఇనుప సామాను కింద జమ అవుతుంది. నా షోకేసు మధ్య అరలో మా నాన్నగారి చిత్రిక ఉంది. దాని వెనుక పిడి మీద బొటనవేలు ఆనే చోట చెక్క లోతుగా అరిగి, చేతి చమురుకు నల్లగా నిగనిగలాడుతోంది. ముందు భాగంలో ఒక పక్క చిన్న పెచ్చు ఊడిపోతే ఆయనే వేరే రంగు చెక్కముక్క అతికి సరిచేశారు. అలమారాలో గుడ్డ చుట్టి పెట్టినన్నాళ్లూ ఆ అతుకును నేను గమనించలేదు. పక్కనుంచి దీపం పడినప్పుడు అది స్పష్టంగా కనిపించింది, ఎంత ఓపికగా కూర్చారో తెలిసింది. కార్డు మీద ఆ సంగతి రాశాను. ఇలాంటి వస్తువులను కొత్తవాటిలా మెరిసేట్టు రుద్దవద్దని కొనేవారికి నా మనవి. తుప్పు పొడిని మాత్రం మెత్తగా తీసి, పలుచగా మైనం పట్టిస్తే చాలు. ఆ అరుగుదల, ఆ మరకలే మనం దాచుకుంటున్నవి.

వీటిని హాల్లో పెట్టక గ్యారేజీలో ఎందుకని ఇంట్లోవాళ్లు అడగడం సహజమే. హాల్లో షోకేసు వచ్చిన అతిథుల కోసం, పనిగదిలోది పని చేసుకునేవారి కోసం. పక్కనే వాడుకలో ఉన్న చిత్రిక కనిపిస్తుంటే పాత చిత్రిక ఎందుకు అలా అరిగిందో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. పైగా వారు చేసిన వంకర చక్రాల బండి తాతగారి పనిముట్టు పక్కనే అద్దాల వెనుక ఉండడం వారికి ఎంత గౌరవంగా అనిపిస్తుందో నేను కళ్లారా చూశాను.

తలుపు తాళం బలహీనంగా ఉంది, దాన్ని తలుపు తెరుచుకోకుండా ఆపే గడియగానే చూడాలి తప్ప దొంగల నుంచి రక్షణగా కాదు. అదనపు రబ్బరు పట్టీ ఒకటి పెట్టెతో పాటే ఇచ్చారు, పట్టీ ఒక్కటే ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడే భాగం కనుక అది మంచి పని. ఇనుము, ఇత్తడి, కొయ్య వస్తువులు దాచుకునేవారు, లోపలి పొర మార్చుకునే ఓపిక ఉంటే, దీన్ని నిస్సందేహంగా కొనవచ్చు. సీసపు బొమ్మలు, గవ్వలు, వెండి పతకాలు ఉన్నవారు లోహపు పెట్టె ఉన్న నమూనానే వెతుక్కోవడం మేలు. ఉత్తరాలు, ఫొటోలు, బట్టలు దాచదలచినవారికి మాత్రం ఇదే కాదు, గ్యారేజీలో పెట్టే ఏ షోకేసూ తగదు.