కోట దగ్గరి కాఫీ హోటల్‌లో ఒక క్యాచ్ గురించి

విజయనగరం కోట దగ్గరి ఈ చిన్న కాఫీ హోటల్‌లో ఉదయం పూట టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ పెడతారు. నేను వెళ్ళిన రోజు ఒక పాత ఘట్టం వచ్చింది: 2015 జనవరి 11న గ్రీన్‌బే ప్యాకర్స్ జట్టుపై డల్లాస్ జట్టు ఆటగాడు డెజ్ బ్రయంట్ గాలిలోకి ఎగిరి అందుకున్న క్యాచ్‌ను రిఫరీలు రీప్లే చూసి చెల్లదన్నది. యజమాని దాన్ని ఆపి ఆపి చూపించగా, నేలకు తగిలిన బంతి చేతిలోంచి ఎగరడం స్పష్టంగా కనిపించింది. బంతి పట్టుకుని అన్ని అడుగులు వేశాక క్యాచ్ చెల్లినట్టేనని నేనూ, పట్టుకుంటూ కింద పడేవాడు చివరిదాకా బంతిపై పట్టు నిలుపుకోవాలన్నదే నాటి నియమమని పక్క బల్ల మాస్టారూ చాలాసేపు వాదించుకున్నాం. నియమం మాటకొస్తే మాస్టారిదే సరి. అయితే అన్యాయమనిపించిన ఆ నియమాన్నే 2018లో మార్చారు. కాఫీ చిక్కగా, కమ్మగా ఉంది. పెసరట్టు మాత్రం చల్లారిపోయి వచ్చింది. చెప్పగానే వేడిగా ఇంకొకటి వేసి ఇచ్చారు.