పిల్లికూనల పాలసీసా సెట్: సీసా బాగుంది, పాలపీకతోనే తంటా

ఐదుకు మూడు స్టార్లు ఇస్తున్న. కోసిన రెండూ పాలపీకల రంధ్రాలకే.

నేను మక్తల్‌లో ఇంటి ముందటి గదిలో బట్టలు కుడత. గల్లీలో తిరిగే పిల్లి బండి కింద పడి పోయింది. దాని రెండు కూనలు మా కట్టెల కొట్టంలో దొరికినయి. కండ్లు అప్పుడప్పుడే తెరుస్తున్నయి, అంటే పది రోజులకు అటూ ఇటూ ఉంటయని పశువుల డాక్టరు సారు చెప్పిండు. బర్రెపాలు తాపొద్దు, విరేచనాలు పట్టుకుంటయి, పిల్లికూనల పాలపొడే కలపమన్నడు. పొడి ధర గురించి ఇక్కడ రాయను, అది వేరే ఏడుపు. సీసా సెట్ మాత్రం రెండు వందల లోపే వచ్చింది: 60 మిల్లీలీటర్ల సీసా, 5 సిలికాన్ పాలపీకలు, సన్నటి బ్రష్.

సీసాకు వంక పెట్టేది లేదు. మూతి వెడల్పు, బ్రష్ అడుగు దాకా పోతది, పాలవాసన పట్టి ఉండదు. కొలత గీతలు మాత్రం వేడినీళ్లకు చెరిగిపోయినయి, గోళ్లరంగుతో మళ్లీ గీసుకున్న.

ఇగ పీకల సంగతి. రెండింటికి అసలు రంధ్రమే లేదు. మిగిలిన మూడింటికి ఉన్నది గానీ, నా 18 నంబరు మిషను సూది అందులో వదులుగా దూరింది. సీసా తలకిందులు చేస్తే పాలు ధార కట్టినయి. అట్ల కారితే కూన మింగలేక ముక్కులోంచి వస్తయి, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేసి పానం మీదికొస్తది. పాలు చుక్క చుక్కగా పడాలి, కూన గుంజితేనే రావాలి. అందుకే రంధ్రం లేని పీకలే నాకు పనికొచ్చినయి: 14 నంబరు సూదిని పట్టకారుతో పట్టుకుని పొయ్యి మీద ఎర్రగా కాల్చి, పీక కొసకు ఒక్క పోటు పొడిచిన. సిలికాన్ కదా, సూది తీయంగనే రంధ్రం సగం మూసుకుంటది. ఆ సగమే కావాల్సింది.

డబ్బా మీది బొమ్మ చూసి మాత్రం నాకు కోపమొచ్చింది. చంటిపిల్లను ఒళ్లో వేసుకున్నట్టు కూనను వెల్లకిల పండబెట్టి తాపుతున్నరు. అట్ల ఎన్నడూ తాపొద్దు. తల్లి దగ్గర ఎట్ల తాగుతయో అట్లనే బోర్లా ఉంచి, తల కొంచెం ఎత్తి తాపాలి.

అమ్మేటోళ్ల పేజీలో ఇంకో మాట ఉన్నది: ఈ పీకతో తాపితే కూనకు బట్టలు చీకే అలవాటు రాదట. నా కూనల్లో పసుపురంగుది ఏదీ చీకదు. బూడిదరంగుది చీకుతది. సీసా ఒకటే, పాలు ఒకటే. మా అత్తమ్మ నల్ల గొంగడి మడిచి మంచం కింద పెడితే, అది పోయి ఒక మూలను వెతుక్కుని, ముందుకాళ్లతో ఇటొకసారి అటొకసారి పిసుకుతూ, కండ్లు మూసుకుని గుర్రుగుర్రుమంటూ చీకుతది. పిసికే చోట కాలిగోర్లు వెంట్రుకల్లో ఇరుక్కుంటే విడిపించుకుని మళ్లీ పిసుకుతది. లేచేసరికి ఆ మూల తడిసి ముద్ద. "ఓ బిడ్డా, దానికి పాలు సరిపోతలేవు," అని అత్తమ్మ రోజూ నన్నే అనేది. సరిపోతున్నయి, తూకం వేసి చూస్తున్న, బరువు పెరుగుతనే ఉన్నది.

పశువైద్యం డిప్లొమా చదివే మా చెల్లె కొడుకును అడిగితే విడమరిచి చెప్పిండు: "పెద్దమ్మా, దాని కడుపు నిండింది గానీ నోరు నిండలే." తల్లి పొదుగును పిసుకుతూ గుంజితేనే పాలు దిగుతయి, కూనకు పుట్టుకతో వచ్చే పని అది. సీసాతో ఆ పని గబుక్కున అయిపోతది, గుంజాలనే కోరిక మిగిలిపోతది. డేవిడ్ లెవీ అనే అమెరికా డాక్టరు 1934లోనే కుక్కపిల్లలతో ఇది చూసిండట. పెద్ద రంధ్రంతో తొందరగా తాగినవి కడుపు నిండినా ఒకదాన్నొకటి చీకినయి, చిన్న రంధ్రంతో మెల్లగా తాగినవి అంతగా చీకలే. ఇది విన్నంకనే, పీకను పొడిచినదానికి నాకు గర్వమనిపించింది.

కానీ రంధ్రం ఒక్కటే కారణమని నేననను. తల్లి దగ్గర పెరిగే కూన నాలుగో వారం నుంచి బువ్వ ముట్టుకుంటది గానీ పాలు ఎనిమిదో వారం దాకా, ఒక్కోసారి ఆపై కూడా తాగుతది. తల్లే మెల్లమెల్లగా లేచిపోతూ మానిపిస్తది. సీసా కూనకు ఆ మెల్లమెల్లగా అనేదే ఉండదు, మనం మానేసిన రోజే బందు. ఫిన్లండ్‌లో హెల్సింకి యూనివర్సిటీ వాళ్లు 2017లో దాదాపు 6 వేల పిల్లుల లెక్కలు చూసి, తల్లిని తొందరగా విడిచిన వాటిలో కోపం, చేసిందే చేసే అలవాట్లు ఎక్కువని, 14 వారాల దాకా విడదీయకుంటే మేలని తేల్చిండ్రు. ఈ చీకుడుకు జాతి కూడా కారణమట, సయామీ, బర్మీస్ పిల్లులకు ఉన్ని చీకే పిచ్చి ఎక్కువ. మా గల్లీ పిల్లికి ఆ వంశం ఎక్కడిది! గొర్రె బొచ్చుకుండే జిడ్డు వాసన కూడా లాగుతదని కొందరంటరు. మా అత్తమ్మ గొంగడి దక్కన్ గొర్రెల బొచ్చుతో కుర్మోళ్లు నేసింది, తడిస్తే ఇప్పటికీ మంద వాసన వస్తది. ఆ మాట నిజమే అయ్యుంటదని నాకు నమ్మకం.

చీకితే నష్టమేం లేదు, మింగితేనే ముప్పు. పొడుగు దారం పేగుల్లో పడితే పేగు ముడతలు పడి కోసుకుపోతది, ఆపరేషన్ దాకా పోతది. నా గదిలో నేలంతా దారాలే కాబట్టి కూనలకు అటు దర్వాజ బందు. ఇంకోటి, ఈ పేజీలో ఎవరూ రాయలేదు: తల్లిలేని కూనలు ఒకదాని తోక కింద ఒకటి చీకుతయి. అక్కడ ఎర్రబడి వాచి ఉచ్చ రావడమే ఆగిపోవచ్చు. కనబడంగనే వేరు చేసి, చీకేదానికి గట్టి బట్టముక్క ఇవ్వాలి. తిట్టి కొడితే భయానికి ఇంకా ఎక్కువ చీకుతది.

కొనొచ్చా అంటే, సూది కాల్చే ఓపిక ఉన్నోళ్లు కొనండి. రంధ్రమున్న మూడు పీకలూ పక్కన పడేయండి. అమ్మేటోళ్లకు ఒక్క మాట: పీకలన్నీ రంధ్రం లేకుండ పంపి, ఎట్ల పొడవాలో ఒక చీటీ పెట్టండి, డబ్బా మీది బొమ్మ మార్చండి. అలవాటు రాదన్న మాట కూడా తీసేయండి. అప్పుడు ఇంకో స్టార్ నేనే పెడత.