పూలలోయకు ఒక్క పూట చాలదు

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న పూలలోయ జాతీయ వనాన్ని మనవాళ్లు చాలామంది బద్రీనాథ్ యాత్రకు కొసరుగా చూస్తారు. దారిలోనే ఉంది కదా అని ఒక పూట కేటాయించి, లోయ మొదట్లోనే నాలుగు ఫొటోలు దిగి తిరిగి వచ్చేస్తారు. ఆ తరువాత, అంత దూరం నడిచినందుకు తగిన ఫలితం దక్కలేదని పెదవి విరుస్తారు. ఆ అసంతృప్తికి కారణం లోయలో లేదని, మనం దానికి ఇచ్చే సమయంలో ఉందని నా అభిప్రాయం. రెండో రోజు మళ్లీ లోపలికి వచ్చేవారు అరుదు.

జోషీమఠ్ దాటి బద్రీనాథ్ రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్లు వెళితే గోవింద్‌ఘాట్ వస్తుంది. అక్కడి నుంచి పుల్నా దాకా 4 కిలోమీటర్లు జీపులో వెళ్లవచ్చు, ఆపైన ఘాంఘరియా వరకు దాదాపు 10 కిలోమీటర్లు ఎక్కుడు నడక. సిక్కుల హేమకుండ్ సాహిబ్ యాత్రకు కూడా ఇదే దారి కావడం వల్ల జనం, కంచరగాడిదలు, వాటి పేడ, వానకు తడిసి జారే రాళ్లు అన్నీ కలిసి నడకను కొంత చికాకు పెడతాయి. కంచరగాడిదలు ఎదురైనప్పుడు లోయ అంచు వైపు కాక కొండ వైపు ఒదిగి నిలబడాలన్న సంగతి బయలుదేరేముందే గుర్తుపెట్టుకోవడం మంచిది, ఎందుకంటే బరువుతో దిగే జంతువు మనకోసం పక్కకు తప్పుకోదు. నడవలేనివారికి కంచరగాడిదలే కాక, మనిషిని వీపు మీది బుట్టలో కూర్చోబెట్టుకుని మోసే కండీవాళ్లు కూడా ఉన్నారు. వాతావరణం అనుకూలిస్తే హెలికాప్టరు కూడా దొరుకుతుంది, కానీ వానాకాలంలో దాన్ని నమ్ముకుని తిరుగు ప్రయాణం ఖరారు చేసుకోకూడదు.

ఈ సమీక్షలో నేను మార్కులు తగ్గించేది ఘాంఘరియాకే. 3,000 మీటర్ల పైన ఉన్న ఈ చిన్న ఊరు మంచుకాలంలో ఖాళీ అయి, వేసవి నుంచి శరత్తు వరకు మాత్రమే నడుస్తుంది కాబట్టి పట్టణపు వసతులు ఆశించడం న్యాయం కాదు. అయినా మేము దిగిన ఒక లాడ్జిలో దుప్పట్లు చేతికి తడి తగిలేంతగా చెమ్మగా ఉండటం, బకెట్టు వేడినీళ్లకు విడిగా డబ్బు తీసుకుని గోరువెచ్చని నీళ్లు ఇవ్వడం సమంజసం అనిపించలేదు. గదిని కళ్లారా చూసి, దుప్పటి తడిమి, ఆ తరువాతే అడ్వాన్సు ఇవ్వండి. గురుద్వారాలో యాత్రికులకు బస, లంగరులో, అంటే అక్కడి సామూహిక వంటశాలలో, భోజనం ఉచితంగా దొరుకుతాయి. అక్కడి వేడి పప్పు, రొట్టెలు హోటళ్ల భోజనం కంటే నాకు ఎంతో నచ్చాయి. అన్నం లేనిదే పూట గడవనివారికి రాజ్మా చావల్ ఆధారం, వెంట ఆవకాయ ఉంటే ఇక లోటు లేదు.

ఘాంఘరియా దాటగానే దారి రెండుగా చీలుతుంది. కుడివైపు నిటారుగా హేమకుండ్‌కు, ఎడమవైపు లోయకు వెళ్లాలి. ఎడమ దారి పట్టిన కాసేపటికే అటవీశాఖ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడ పేరు, వివరాలు రాయించుకుని లోపలికి పంపుతారు. మధ్యాహ్నం దాటితే ప్రవేశం ఇవ్వరు, సాయంత్రానికల్లా బయటికి రావాలి, లోపల రాత్రి బసకు అనుమతి లేదు, కంచరగాడిదలు రాకూడదు, దుకాణం ఒక్కటి కూడా ఉండదు. ఈ నిబంధనలను ఇబ్బందిగా భావించేవారిని చూశాను కానీ, నా లెక్కలో ఈ వనం అందించే అత్యుత్తమ సేవ ఇదే. చెక్‌పోస్టు దాటిన కొద్ది నిమిషాలకే పేడ వాసన, గంటల చప్పుడు వెనకబడి, పుష్పవతి నది హోరు ఒక్కటే మిగులుతుంది. వంతెన దాటాక వచ్చే ఎక్కుడులో భూర్జ వృక్షాలు కనిపిస్తాయి. మన వైపు యంత్రాలు రాసే భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. అది పలుచని కాగితపు పొరల్లా తనంత తానే ఊడి, గాలికి రెపరెపలాడుతూ ఉంటుంది.

1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగివస్తూ ఇక్కడికి దిగిన బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం వల్ల ఈ లోయ బయటి ప్రపంచానికి తెలిసింది. స్థానికులకు మాత్రం ఇది అంతకుముందే గొర్రెల మేతబీడు. 1982లో జాతీయ వనం అయ్యాక మేత నిలిచిపోయింది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మేత ఆగిన తరువాత పాలిగోనమ్ అనే గుబురు మొక్క విస్తరించి చిన్న పూలమొక్కలను కమ్మేస్తోందనీ, గొర్రెలను పూర్తిగా మాన్పించడం సరైనదేనా అనీ చర్చ ఉంది. అటవీశాఖ కూలీలతో ఆ మొక్కను పీకిస్తూ ఉంటుంది.

జూలై మధ్య నుంచి ఆగస్టు చివరి వరకు పూలు నిండుగా ఉంటాయి. వానలు, కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసుకుపోవడం కూడా ఆ రోజుల్లోనే కాబట్టి, కనీసం ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. మొదట కనిపించేది నిలువెత్తు గులాబిరంగు బాల్సం పూల గుంపు, మన పెరటి బాల్సంకు దాయాది. తొలిరోజు వచ్చినవారు దాన్నే చూసి ఇంతేనా అనుకుంటారు. నీలి గసగసాల పువ్వు వంటివి రాళ్ల సందుల్లో ఒకటీ అరా మాత్రమే ఉంటాయి, వాటికి వంగి వెతికే తీరిక కావాలి. బ్రహ్మకమలం కోసం వచ్చేవారు మాత్రం హేమకుండ్ దారి పట్టడమే మేలు, 4,000 మీటర్లు దాటాక ఆ పువ్వు విరివిగా కనిపిస్తుంది. రెండో రోజు పొద్దున్నే బయలుదేరినవారికి, 1939లో మొక్కలు సేకరిస్తూ జారిపడి మరణించిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి వరకు, ఆపైన నది ఒడ్డు వరకు నిదానంగా నడిచే వీలుంటుంది. జనం చాలావరకు అంతకుముందే వెనుదిరుగుతారు.

ఐదు మార్కులకు లోయకు ఐదు, ఘాంఘరియాకు రెండున్నర ఇస్తాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దలతో బద్రీనాథ్ వెళుతున్నవారు, గోవింద్‌ఘాట్ నుంచి గుడి 25 కిలోమీటర్లే కాబట్టి, వారిని తోడుతో బద్రీనాథ్‌లోనే రెండు మూడు రోజులు ఉంచి, నడవగలిగినవారు మాత్రమే ఇటు వస్తే ఇరువర్గాలకూ హాయి.