25 సెం.మీ. వేవ్ కత్తెర సెట్టు: మాంటే కార్లోకి భేష్, హెయిర్‌గ్రాస్‌కి అంతంతమాత్రం

మాంటే కార్లో, క్యూబా, హెయిర్‌గ్రాస్ లాంటి, అక్వేరియం అడుగున కార్పెట్‌లా పరుచుకునే మొక్కల్ని కోయడానికి నాలుగు పనిముట్ల స్టీలు సెట్టు అని ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతుంది. వేవ్ కత్తెర, నిటారు కత్తెర, పట్టకారు, సాయిల్ (ట్యాంకు అడుగున పరిచే మట్టి) సర్దే గరిటె. వీటిలో డబ్బు పెట్టదగ్గది వేవ్ కత్తెర ఒక్కటే, మిగతా మూడూ కొసరు.

పిడి దగ్గర పైకి లేచి, అలుగు దగ్గర మళ్లీ నేలకు సమంగా వాలే రెండు వంపులు దీనికి ఉంటాయి. అక్వేరియం డిజైనర్ తకాషి అమానో 1982లో జపాన్‌లో పెట్టిన ఏడీఏ (అక్వా డిజైన్ అమానో) కంపెనీ వేవ్ కత్తెర తీరే ఇది కూడా. నిటారు కత్తెరతో అడుగున కోయబోతే మొన సాయిల్లో దిగి మట్టి రేగుతుంది. వేవ్ కత్తెరలో చెయ్యి పైనే ఉంటుంది, అలుగు మాత్రం కార్పెట్ మీద పడుకున్నట్టు జరుగుతుంది. 36 సెం.మీ. ఎత్తు ట్యాంకుకు ఈ పొడవు సరిపోతుంది. 60 సెం.మీ. ఎత్తయితే చొక్కా చేతులు పైదాకా మడవాల్సిందే.

కత్తెర చేతికి రాగానే మొనతో ఒక తడి టిష్యూ కోసి చూడండి. తెగకుండా అలుగుల మధ్య మడతపడితే మర వదులుగా ఉన్నట్టు. మరను కాస్తంత, చుట్టులో ఎనిమిదో వంతు మాత్రం, బిగించి మళ్లీ చూడాలి. మరకు బదులు రివెట్ కొట్టిన కత్తెరయితే బిగించే దారి లేదు, వెనక్కి పంపేయడమే. ఇది చాదస్తం కాదు. క్యూబా మొక్క ఆకే రెండు మూడు మిల్లీమీటర్లు, కాడ దారమంత. అలుగుల మధ్య వెంట్రుకంత సందున్నా కాడ తెగదు, నలిగి ఇరుక్కుంటుంది. కత్తెర పైకెత్తగానే వేరుతో సహా ఊడి వస్తుంది.

మాంటే కార్లో మందం 3 సెం.మీ. దాటితే ఇక ఆగకూడదు. కింది పొరకు వెలుతురు అందక పసుపెక్కి కుళ్లుతుంది, వేళ్లు పట్టు వదులుతాయి. ఒకరోజు పొద్దున చూస్తే కార్పెట్ మొత్తం చాపలా పైకి తేలి ఉంటుంది. ముందుగా ఫిల్టర్, సీఓటూ (మొక్కల కోసం నీళ్లలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్) ఆపండి. ఒక పక్క నుంచి మొదలుపెట్టి, అలుగులో సగమే వాడుతూ, ఒకటి ఒకటిన్నర సెం.మీ. మిగిల్చి కోయండి. తేలిన ముక్కలన్నీ సన్నటి వలతో తీశాకే ఫిల్టర్ వేయాలి, లేకపోతే ఇన్‌టేక్ జాలీ మూసుకుపోతుంది. రాళ్ల సందుల్లో చిక్కినవి సైఫన్‌తో లాగుతూ 40–50 శాతం నీళ్లు మార్చేయండి. కోత తర్వాత ఆకు తగ్గి మొక్కలు తినే ఎరువూ తగ్గుతుంది, ఆ మిగులు నాచు పాలవుతుంది. అందుకే వారం పాటు లైటు ఆరు గంటలు మించొద్దు. బాగా ముదిరిన కార్పెట్‌ను ఒకే రోజు గుండు కొట్టకండి. సగం ఇవాళ, మిగతా సగం రెండు వారాల తర్వాత. మే నెలలో విజయవాడ లాంటి చోట ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటితే క్యూబాను లోతుగా కోయకపోవడమే మేలు. వేడి నీటిలో సీఓటూ తక్కువ కరుగుతుంది, మొక్క త్వరగా కోలుకోదు.

హెయిర్‌గ్రాస్ దగ్గర మాత్రం ఈ కత్తెర తేలిపోయింది. వంపు అలుగు ముందు గడ్డి పక్కకు వాలి జారిపోతుంది, సగం పోచలే తెగుతాయి. దానికి సెట్టులోని నిటారు కత్తెరే నయం. కొద్దికొద్దిగా పోచలు పట్టి 2 సెం.మీ. ఎత్తున కోయండి. కొనలు గోధుమరంగుకు తిరిగితే కంగారు అక్కర్లేదు, రన్నర్ల (పక్కలకు పాకే కాడల) నుంచి కొత్త పోచలు వస్తాయి. మార్సీలియాకు, అదే మన వరి మడుల్లో నాలుగాకులతో కనిపించే మొక్క చుట్టానికి, ఏ కత్తెరతోనూ చదునుకోత పనికిరాదు. పొడుగైన ఆకును కాడ మొదట్లో ఒక్కొక్కటిగా తుంచాలి.

పట్టకారు స్ప్రింగు మరీ గట్టి, పది నిమిషాలు నాటితే వేళ్లు నొప్పెడతాయి. గరిటె సన్నం, తడి సాయిల్ తోస్తే వంగిపోతుంది.

స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నా మర దగ్గర తుప్పు పడుతుంది. పని కాగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, అలుగులు తెరిచి ఆరబెట్టండి. నాచు పోవాలని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టారో, క్లోరిన్ స్టీలును గుంటలు గుంటలుగా తినేస్తుంది, తడి టిష్యూ కూడా ఇక తెగదు.