కంది కట్టెను గొర్రె మేతగా మార్చే హామర్ మిల్లు: చాలాకాలం వాడాక

ఈ మర గురించి అడిగేవాళ్లంతా మోటారు ఎన్ని హెచ్‌పీ, గంటకు ఎన్ని క్వింటాళ్లు అనే అడుగుతారు. ఆ రెండూ అమ్మేవాళ్లే చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేదంతా లోపలి జల్లెడ గురించే. పది హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, ఊగే సుత్తులు, పైన తొట్టి, పక్కన సంచి కట్టే గొట్టం ఏ హామర్ మిల్లులోనైనా ఇంచుమించు ఒకటే. గొర్రె కడుపులోకి పోయే మేత ఏ సైజులో ఉండాలో నిర్ణయించేది మాత్రం రోటరు (సుత్తులు తగిలించి తిరిగే ఇరుసు) కింద వంగి కూర్చునే ఆ చిల్లుల రేకు, అంటే జల్లెడ. 8 మిల్లీమీటర్ల జల్లెడతో ఈ మర చేసే పని చూశాక, మిగతా లోపాలన్నీ ఉన్నా దీన్ని వదులుకోబుద్ధి కాదు.

తెలంగాణలో తాండూరు, కొడంగల్, నారాయణపేట వైపు కంది నూర్చాక పొట్టును గొర్రెలు ఇష్టంగానే తింటాయి. కట్టె మాత్రం పొయ్యికో, చేను గట్టున మంటకో పోతుంది. జొన్న చొప్పను నిలువుగా వేస్తే ఆకంతా ఏరుకుని దంటు వదిలేస్తాయి. గొర్రె మూతి సన్నం, పై పెదవిలో చీలిక ఉంటుంది, ఏరుకోవడంలో ఆవుకూ బర్రెకూ దానికున్న నేర్పు లేదు. చాఫ్ కట్టర్‌తో అంగుళం ముక్కలు చేసినా దంటు ముక్కను పక్కకు నెట్టేస్తుంది. అదే చొప్పను 8 మి.మీ. జల్లెడలోంచి తీసి, చెక్క (నూనె తీశాక మిగిలే పల్లి పిప్పి), తవుడు, మడ్డి (చెరకు మొలాసిస్)తో కలిపితే ఏరడానికి వీలుండదు. ప్రతి నోటికీ దంటూ దాణా కలిసే వెళ్తాయి. సాయంత్రానికి మేత తొట్టి అడుగు కనిపించడం ఈ మర ఇచ్చిన మొదటి సంతోషం.

8 మి.మీ. చిల్లు అంటే 8 మి.మీ. ముక్క అని కాదు. సుత్తి దెబ్బకు ముక్క వేగంగా, ఏటవాలుగా చిల్లును దాటుతుంది కాబట్టి బయటికొచ్చేది చాలావరకు 2 నుంచి 4 మి.మీ. ఉంటుంది. నిలువుగా దూరిన సన్నని పుల్లలు కొన్ని అంతకన్నా పొడవుగా వస్తాయి. అవి ఉండటమే మంచిది. ఎందుకో కింద వస్తుంది.

పొట్టేలు పిల్లలకు 100 కిలోల సమీకృత దాణా (చొప్ప, గింజ, చెక్క అన్నీ కలిపిన మేత) పాళ్లు ఇవి: జొన్న చొప్ప పొడి 30 కిలోలు, కంది పొట్టు, సన్న కట్టె కలిపి 20, మక్కలు 17, పల్లి చెక్క 16, నూనె తీసిన తవుడు 8, మడ్డి 6, ఖనిజ లవణ మిశ్రమం కిలోన్నర, ఉప్పు ఒక కిలో, సున్నపురాయి పొడి అర కిలో. మాంసకృత్తులు సుమారు 12 శాతం వస్తాయి. మక్కలను విడిగా, చిన్న చిల్లుల జల్లెడతో రవ్వలా పట్టాలి. మడ్డిని రెండు మూడు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించి, ముందు చొప్ప పొడికి పట్టించి, ఆ తర్వాతే మిగతావి కలపాలి. క్రమం మారితే చెక్క, తవుడు అడుగున చేరి బలమైన పొట్టేలు వాటినే తోడుకుంటుంది. తడి తగిలిన దాణా నిల్వ ఉండదు, రెండు రోజులకు సరిపడానే కలపాలి. పల్లి చెక్కలో బూజు వాసన ఏమాత్రం ఉన్నా మొత్తం సంచి పక్కన పెట్టండి.

మాంసకృత్తుల కోసం కొందరు కలిపే యూరియా ఈ లెక్కలో లేదు. వంద కిలోలకు కిలోకు మించకుండా కలపొచ్చు, ఖర్చూ తగ్గుతుంది. కానీ పారతో కలిపేచోట ఒక గడ్డ కరగకుండా మిగిలినా ఒక పిల్ల ప్రాణం పోతుంది. మిక్సరు లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. ఖనిజ మిశ్రమం కూడా గొర్రెలకని రాసినదే కొనాలి. పశువుల మిశ్రమంలోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుపోయి విషమవుతుంది. తవుడులో భాస్వరం ఎక్కువ, అది పెరిగితే మగపిల్లలకు మూత్రంలో రాళ్లు కట్టి మూత్రం ఆగిపోతుంది. సున్నపురాయి పొడి వేసేది ఆ లెక్క సరిచేయడానికే.

ఇక జల్లెడ చిరిగిన సంగతి. చొప్ప మోపులను కొందరు పురికొసకు బదులు ఇనుప తీగతో కడుతున్నారు. తొట్టి మెడ దగ్గర అయస్కాంతం ఉంది కానీ అది తనకు తగిలిన ఇనుమునే పట్టుకుంటుంది. మోపు మధ్యలో చుట్టుకున్న తీగ చొప్పతో పాటే లోపలికి జారిపోయింది. సుత్తులకు ఏమీ కాలేదు. రేకు మాత్రం అంచు వెల్డింగు దగ్గర బెత్తెడు చిరిగింది. చిరిగిన సంగతి చప్పుడులో తెలియదు, మర ఇంకా తేలిగ్గా తిరుగుతున్నట్టే ఉంటుంది. తెలిసేది గొర్రెల మేత తొట్టిలో: వేలెడు పుల్లలు మిగలడం మొదలవుతుంది. పొడిలో వేలెడు పుల్లలు కనిపిస్తే సుత్తుల్ని అనుమానించేముందు జల్లెడ బయటికి లాగి వెలుతురుకు పట్టి చూడండి.

అసలు ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. దుకాణం నుంచి వచ్చిన కొత్త జల్లెడ మీద 8 అని చీటీ ఉంది, చిల్లులు చూస్తే 5. బిగించాక మర మీద భారం పెరిగింది, పొడి పిండిలా వచ్చింది. మొదటి వారం అంతా బాగున్నట్టే కనిపించింది. పిల్లలు ఇంకా ఎక్కువ తిన్నాయి, తొట్టి ఇంకా త్వరగా ఖాళీ అయింది. మరీ మెత్తటి మేతతో జరిగేది ఇదే. పొట్టలో నిలవకుండా త్వరగా దాటిపోతుంది కాబట్టి మళ్లీ ఆకలేస్తుంది, తిన్నదాంట్లో అరిగేది మాత్రం తగ్గుతుంది. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది. పొట్టలో పులుపును విరిచేది ఆ లాలాజలంలోని క్షారమే. రెండో వారానికి పెంటికలు విడివిడిగా రాలడం మానేసి ముద్దకట్టాయి. మధ్యాహ్నం పడుకున్న పిల్లల్లో సగానికి పైగా నెమరు వేయకుండా ఊరికే చూస్తున్నాయి. దుమ్ముకు దగ్గు తోడైంది. బరువు మాత్రం తిన్న లెక్కకు తగ్గట్టు పెరగలేదు.

అందుకే పైన రాసిన ఖాళీ తొట్టి సంతోషాన్ని ఇప్పుడు సగమే లెక్కేస్తాను. తొట్టితో పాటు పెంటికలూ నెమరూ చూడాలి. మందలో పడుకున్నవాటిలో సగమన్నా నెమరు వేస్తుంటే, పెంటికలు విడిగా గట్టిగా రాలుతుంటే పొడి సైజు సరిగ్గా ఉన్నట్టు. జల్లెడ మార్చేదాకా సరిదిద్దడానికి దారి ఒకటే: చాఫ్ కట్టర్‌తో అంగుళం, అంగుళంన్నర కోసిన ఎండు చొప్పను పిల్లకు 150 నుంచి 200 గ్రాముల చొప్పున సాయంత్రం విడిగా వేయడం. నాలుగైదు రోజుల్లో పెంటికలు గట్టిపడ్డాయి. సరైన జల్లెడ వచ్చాక కూడా ఆ పిడికెడు చొప్ప మానలేదు.

కొత్త జల్లెడను దుకాణంలోనే పరీక్షించవచ్చు. 8 మి.మీ. డ్రిల్లు బిట్టు వెనక్కి తిప్పి, దాని కాడ చిల్లులో దూరుతుందో లేదో చూడండి. రేకు మందం రెండు మి.మీ.కు తగ్గితే తీసుకోవద్దు. వాడేకొద్దీ చిల్లుల అంచులు గుండ్రబడి పని నెమ్మదిస్తుంది. అప్పుడు రేకును అటు ఇటు తిప్పి బిగిస్తే రెండో వైపు అంచు పదును దొరుకుతుంది. సుత్తులకు నాలుగు మూలలు, ఒకటి అరిగితే ఇంకోటి ముందుకు తెచ్చుకోవచ్చు. పూర్తిగా మార్చేటప్పుడు సెట్టంతా ఒకేసారి మార్చాలి, ఎదురెదురు సుత్తుల బరువు సమానంగా ఉండాలి. తేడా ఉంటే మర వణికి బేరింగులు పోతాయి. మోటారు తీగల్లో రెండు ఫేజులు మారిస్తే రోటరు తిరగబడి సుత్తి రెండో అంచు పనికొస్తుంది. అయితే తొట్టి సరిగ్గా నడిమధ్యన ఉన్న మరలకే ఇది కుదురుతుంది. కొనేముందు అడగండి. ఫేజు పోయినప్పుడు మోటారును ఆపే రిలే స్టార్టర్‌లో లేకపోతే అది వేరే పెట్టించుకోండి.

ఏ కట్టెకు ఎలా పనిచేస్తుందంటే, జొన్న చొప్ప, మక్క బెండ్లు దీనికి సులువు. బెండ్లను ముందు ముక్కలుగా విరగ్గొట్టి వేయాలి, మాంసకృత్తులు దాదాపు సున్నా అనుకుని చెక్క పెంచాలి. కంది కట్టెలో చిటికెన వేలు మందం వరకే వేయండి. అంతకన్నా లావుది మెత్తబడుతుంది కానీ అందులో ఉన్నది కలప, ఎంత పొడి చేసినా అరగదు. మర సైజు తగ్గిస్తుంది తప్ప కట్టెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను విడగొట్టదు, ఇది గుర్తుంటే చాలా ఆశలు అదుపులో ఉంటాయి. పల్లి కట్టె మేతగా మేలైనదే. వేర్లకు పట్టిన మట్టిని బాగా దులపకపోతే మాత్రం ఆ ఇసుకే సుత్తులను తినేస్తుంది. పత్తి కట్టె విషయంలో అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. దాని బెరడు నార రోటరు ఇరుసుకు చుట్టుకుని బేరింగు సీలును చీలుస్తుంది. ముందు ష్రెడ్డరులో వేయకుండా నేరుగా పట్టకూడదు, చివరి మందు కొట్టి ఎన్నాళ్లయిందో తెలియని చేను కట్టె అసలు తేకూడదు. దేనికైనా తేమ ముఖ్యం. విరిస్తే టక్కున విరగాలి. వంగే కట్టె చిల్లులను మూసేస్తుంది, మోటారు వేడెక్కుతుంది.

కొత్త మేతకు పది నుంచి పద్నాలుగు రోజులు పట్టించి మార్చండి, మొదట నాలుగో వంతు, తర్వాత సగం, అలా. అంతకన్నా ముందే చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి పిల్లలు హఠాత్తుగా చచ్చే జబ్బు) టీకా వేయించాలి, గింజ ఒక్కసారిగా పెరిగిన మందల్లో అది ఎక్కువగా విరుచుకుపడుతుంది. 20 కిలోల పిల్లకు రోజుకు 800 గ్రాములతో మొదలుపెట్టి, మిగలకపోతే పెంచండి. పొడి మేత కిలోకు రెండు మూడు లీటర్ల నీళ్లు తాగుతాయి, ఎండాకాలం ఇంకా ఎక్కువ.

కొనాలా అంటే అది మీ మందను బట్టి. మాది షెడ్డులో పొట్టేళ్లను పెంచి అమ్మే పద్ధతి. త్రీఫేజ్ కరెంటు ఉంది, చొప్ప తడవకుండా దాచే కొట్టం ఉంది. ఈ మూడూ ఉన్నవాళ్లకు మర ఉపయోగమే. తిప్పి మేపే మందకు ఎండాకాలం రెండు మూడు నెలలు తప్ప దీని అవసరం లేదు. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం లెక్క ప్రకారం 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్నవాళ్లు సొంతంగా కొంటే గిట్టడం కష్టం. నలుగురైదుగురు కలిసి ఒక మర తెచ్చుకుని, ఎవరి చొప్ప వాళ్లు పట్టించుకుంటే మేలు, లేదంటే ప్రస్తుతానికి చాఫ్ కట్టర్‌తో సరిపెట్టుకోవచ్చు. కలిసి కొంటే 8 మి.మీ. జల్లెడలు రెండు, మక్కలకు చిన్న చిల్లులది ఒకటి మొదటి బిల్లులోనే రాయించుకోండి. విడిగా తర్వాత కొనాలంటే, సరైన కొలతది దొరికేదాకా మర ఊరికే ఉండాల్సి వస్తుంది.