యాభై దాటాక టాప్‌లు ఎక్కడ కొనాలి: బరంపురం నుంచి కోట్‌పాడ్ దాకా తిరిగి చూశాక

యాభై దాటిన ఆడవాళ్ళకి రెడీమేడ్ షాపుల్లో చూపించేవి రెండే రకాలండి. ఒకటి కాలేజీ పిల్లల కొలతకి కుట్టి సైజు నంబరు మాత్రం పెంచినవి, రెండోది పొట్ట కనపడకూడదని బస్తాలా కుట్టేసినవి. ఈ రెండూ కాకుండా ఒంటికి తగ్గట్టు, చూడ్డానికి బాగుండేట్టు ఎక్కడ దొరుకుతాయా అని నేను, మా వదిన, మా పిన్ని కలిసి ఒడిశాలో బరంపురం నుంచి జయపురం, కోట్‌పాడ్, రాయగడ, పర్లాకిమిడి చుట్టి వచ్చాం. ఎక్కడ ఏం బాగుంది, ఎక్కడ దిగడం దండగ, అన్నీ రాస్తున్నా, మన వయసు వాళ్ళకి పనికొస్తాయని.

ముగ్గురివీ మూడు రకాల ఒళ్ళు. నాకు మెనోపాజ్ తర్వాత నడుం పోయి పొట్ట వచ్చింది, చేతులూ కాళ్ళూ మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి (ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గాక కొవ్వు తుంటి దగ్గర కాకుండా పొట్ట చుట్టూ చేరడం చాలామందికి జరిగేదే, అన్నం మానేసినంత మాత్రాన పోదు). వదినకి పైభాగం భారీ, తుంటి సన్నం. పిన్ని బక్కపలచగా ఉంటుంది కానీ వీపు పైన కాస్త వంగింది. షాపులో ముగ్గురికీ ఒకటే ఎక్స్ఎల్ తీసి ఇస్తారు, అక్కడే వస్తుంది తంటా అంతా.

బరంపురంలో రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. భువనేశ్వర్ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే బండి ఇది, విజయనగరం, పార్వతీపురం మీదుగా తిరిగి రాయగడ పైకి ఎక్కుతుంది. రాయగడ దాటాక కోరాపుట్ దాకా కొండలు, సొరంగాలు, వంతెనలు, తెల్లారాక కిటికీ సీటు దొరికితే మళ్ళీ నిద్రపోవాలనిపించదు. పిన్నికి లోయర్ బెర్త్ ముందే చూసుకున్నాం, సీనియర్ సిటిజన్ కోటాలో వేస్తే ఇబ్బంది ఉండదు. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 2,900 అడుగుల ఎత్తు కాబట్టి బండి అక్కడ ఆగగానే చలి తగులుతుంది, వయసు వాళ్ళు ఒక శాలువా పెట్టుకోవాలి. నాకు మాత్రం ఒక్కసారిగా ఒంట్లోంచి ఆవిర్లు వచ్చే రోజులు కదా, ఆ చల్లగాలి ప్రాణానికి హాయిగా ఉంది.

జయపురంలో దిగాం. కోరాపుట్ జిల్లాలో వ్యాపారం అంతా ఇక్కడే, తెలుగు షాపులు చాలా ఉన్నాయి, బజార్లో ఒడియా రాకపోయినా ఏ కష్టం లేదు. లాడ్జి గురించి చెప్పాలంటే, గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు పొద్దున మాత్రమే, భోజనం దగ్గర్లో తెలుగు మెస్సులో చేశాం, సాంబారు కన్నా పప్పుచారు బాగుంది. గదిలో నాకు బాగా నచ్చింది నిలువుటద్దం. బట్టలు కొనే పని మీద వెళ్ళేవాళ్ళు గది తీసుకునే ముందు నిలువుటద్దం ఉందా అని అడగండి, వాష్‌బేసిన్ మీద అద్దంలో ముఖం తప్ప ఏం కనపడదు, టాప్ ఎక్కడ ఆగిందో తెలియదు. షాపులో బాగుందనిపించినది సాయంత్రం గదికి వచ్చి మామూలు లైటులో వేసుకుని, చేతులు పైకెత్తి, కుర్చీలో కూర్చుని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కూర్చుంటే పొట్ట దగ్గర లాగేస్తోందంటే నిల్చున్నప్పుడు ఎంత బాగున్నా ఆ టాప్ వద్దు.

జయపురం రెడీమేడ్ షాపుల్లో సరుకు ఎక్కువ, రేయాన్ కుర్తీలు గుట్టలు గుట్టలుగా ఉంటాయి. రేయాన్ జారుతూ పడుతుంది, అది మంచిదే, ఉబ్బెత్తుగా కనిపించదు. అయితే పల్చటి రేయాన్ పొట్టకి, లోపలి బట్టల గీతలకి అతుక్కుపోతుంది, కొంచెం దళసరి చూసుకోవాలి, లేదా లోపల కాటన్ షమీజు వేసుకోవాలి. ఒక షాపులో (పేరు ఎందుకులెండి) ట్రయల్ రూమ్ లేదు, వేసుకుని చూస్తామంటే "ఫ్రీ సైజ్ అమ్మా, అందరికీ వస్తుంది" అన్నాడు, మార్చడం కూడా కుదరదట. మా వదిన అక్కడికక్కడే "అందరికీ వచ్చేది నాకెందుకు నాయనా, నాకు వచ్చేది ఇయ్యి" అని బయటికి నడిచింది. నా మాట కూడా అదే, ట్రయల్ లేని చోట మన వయసు వాళ్ళు డబ్బు పెట్టకూడదు. పక్క వీధిలో చిన్న షాపులో అలమారా వెనక పరదా కట్టి, మంచి లైటు పెట్టారు, ఆ అమ్మాయి ఓపిగ్గా పది తీసి ఇచ్చింది, వదిన రెండు అక్కడే కొంది.

ఆ పరదా వెనక తేలిందే ఇప్పుడు చెప్పబోయేది, ఈ మొత్తం తిరుగుడులో నాకు దొరికిన పెద్ద విషయం కూడా ఇదే. టాప్ భుజం దగ్గర సరిపోవాలి, మిగతావన్నీ తర్వాత. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర మీద కూర్చోవాలి. వదిన చెస్ట్ కోసం ఎక్స్ఎక్స్ఎల్ తీసుకుంటే భుజం కిందకి జారి, మెడ వెడల్పైపోయి, చేతులు ఉబ్బిపోయి, ఉన్నదానికన్నా లావుగా కనిపించింది. అదే ఒక సైజు తగ్గించి భుజానికి సరిపోయేది, పక్క కుట్టుల్లో గుడ్డ మిగిలి ఉన్నది చూసి తీసుకున్నాం, చెస్ట్ దగ్గర రెండు పక్కలా కుట్టు విప్పించి లూజు చేయించాం, మనిషే మారిపోయింది. పక్క కుట్టు విప్పడం ఏ దర్జీ అయినా చేస్తాడు, భుజం మార్చడం అంటే చెయ్యి విప్పి చంక మళ్ళీ కత్తిరించాలి, అది అందరికీ రాదు, కూలీ కూడా ఎక్కువ. అందుకని కొనేముందు టాప్ తిరగేసి పక్క కుట్టు లోపల కనీసం అంగుళం గుడ్డ వదిలాడా అని చూడండి. సాగని కాటన్‌కి చెస్ట్ కొలత మీద మూడు నాలుగు అంగుళాల లూజు చాలు, అంతకు మించితే గుడ్డ వేలాడుతుంది.

జయపురం నుంచి జగదల్‌పూర్ రోడ్డు మీద వెళ్తే కోట్‌పాడ్. బస్సులు దొరుకుతాయి, మేం పిన్ని కోసం కారు మాట్లాడుకున్నాం. మిర్గాన్ నేతగాళ్ళ ఊరు ఇది, ఇక్కడి చేనేతకి 2005లోనే జీఐ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది, ఒడిశా నుంచి జీఐ అందుకున్న మొదటిది ఇదే. రంగు తొగరు చెట్టు వేరు నుంచి తీస్తారు, వాళ్ళు ఆల్ అంటారు. నూలుని ఆముదం, పేడ, బూడిద నీళ్ళతో రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టి, ఆ తర్వాత వేరు పొడిలో ఉడకబెడితే మెరూన్ వస్తుంది, అన్నభేది (ఇనుప లవణం) కలిపితే ముదురు కాఫీ రంగు, దాదాపు నలుపు దాకా వెళ్తుంది. ఒక నేతగాళ్ళ ఇంటి అరుగు మీద ఉడికి ఆరుతున్న నూలు చిలపలు పట్టుకుని చూశాను, కాస్త నూనె వాసన, చేతికి బరువుగా ఉన్నాయి, అంచుల్లో ఎరుపు పక్కన గోధుమ ఛాయ. ముడి తెలుపు నేల మీద ఆ మెరూన్‌తో చేపలు, పీతలు, గొడ్డళ్ళు, శంఖాలు నేస్తారు. రంగు దిగదు, ఉతికే కొద్దీ గుడ్డ మెత్తబడుతుంది.

మన వయసు ముఖాలకి ఈ మెరూన్ చాలా బాగుంటుంది. జుట్టు నెరిశాక చర్మం రంగు కాస్త వెలిసినట్టు అవుతుంది, పాలిపోయిన గోధుమ రంగులు మెడ దగ్గర వేసుకుంటే ముఖం ఇంకా అలసినట్టు ఉంటుంది, పిన్నికి తెల్లజుట్టు పక్కన ఆ ముదురు ఎరుపు పెట్టి చూస్తే ముఖంలోకి వెలుగు వచ్చింది. ఇబ్బంది ఒక్కటే, ఈ గుడ్డ మందం. చుట్టూ కుచ్చులు, ఫ్రిల్స్, అనార్కలి లాంటివి దీంతో కుట్టించకూడదు, ఉబ్బిపోతాం. నేరుగా, కింద కొంచెం వెడల్పయ్యే ఎ-లైన్ ఒక్కటే దీనికి తగింది. బొమ్మల అంచు ఎక్కడ పడుతుందో ముందే దర్జీకి గీసి చూపించాలి, తుంటి మీద అడ్డంగా పడితే అక్కడే చూపు ఆగిపోతుంది, కింద అంచుకో, చేతులకో, మెడ నుంచి కిందికి నిలువు పట్టీగానో వేయిస్తే పొడుగ్గా కనిపిస్తాం. సహకార సంఘం దగ్గర కొంటే బిల్లు ఇస్తారు, ఇళ్ళ దగ్గర కొంటే నేసినవాళ్ళ చేతికే డబ్బు వెళ్తుంది, మేం రెండు చోట్లా తీసుకున్నాం. బేరం ఆడబుద్ధి కాలేదు, ఒక్క ముక్క వెనక ఎన్ని రోజుల పని ఉందో కళ్ళారా చూశాక. కోట్‌పాడ్‌లో మాత్రం బస చెయ్యకండి, జయపురం వెనక్కి వచ్చేయడమే సుఖం.

రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకున్నాం, ఆదివారం కాకుండా చూసుకోండి, రద్దీలో పెద్దవాళ్ళు నిలబడలేరు. ఇక్కడ డోంగ్రియా కొంధు గిరిజన ఆడపిల్లలు సూదితో కుట్టే కపడాగండా శాలువా ఉంటుంది, 2024లో జీఐ వచ్చింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో త్రికోణాలు, గీతలు. షాపువాడు దీన్ని కత్తిరించి టాప్ కుట్టించుకోండి అన్నాడు, దయచేసి ఆ పని చెయ్యకండి, అంత కుట్టుపని కత్తెరకి ఇస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఒకే రంగు సాదా టాప్ మీద రెండు భుజాల నుంచి ముందుకి వదిలేయండి, రెండు నిలువు గీతలు పడి పొట్ట మీదికి చూపే పోదు. నేను ఇప్పుడు బ్యాంకుకి అలాగే వెళ్తున్నా. బట్టల షాపులుగా చూస్తే రాయగడ మామూలే.

అక్కడి నుంచి గుణుపురం దాకా బస్సు, నడుం విరిగిపోయింది, పెద్దవాళ్ళతో అయితే కారే మంచిది. గుణుపురం నుంచి పర్లాకిమిడికి రైలు, ఒకప్పుడు మహారాజు వేయించిన చిన్న బండి లైను, 2011లో బ్రాడ్‌గేజ్ అయింది. పర్లాకిమిడిలో ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, వీధి వీధంతా తెలుగే. రెడీమేడ్ సరుకు తక్కువ, కానీ దర్జీలు మంచివాళ్ళు, తొందర పెట్టరు. పిన్ని టాప్ ఇక్కడే కుదిరింది. ఆవిడ ఏ కుర్తీ వేసుకున్నా వెనక అంచు పైకి లేచి, ముందు మెడ వదులై జారేది, ఇన్నాళ్ళూ అందరం మెడ లోతు ఎక్కువైంది అనుకుని మెడ తగ్గించేవాళ్ళం. అక్కడి మాస్టారు ఒక్క చూపులో "అమ్మా, వీపు వంగింది కదా, వెనక గుడ్డ పొడుగు చాలట్లేదు, మెడది తప్పు కాదు" అని, మెడ వెనక ఎముక నుంచి నడుం దాకా టేపు పెట్టి, వెనక భాగం అంగుళన్నర ఎక్కువ పెట్టి, మెడ వెనక రెండు చిన్న డార్ట్‌లు (గుడ్డ లోపలికి మడిచి వేసే కుట్లు) వేశారు. వేసుకుంటే అంచు ముందూ వెనకా సమానంగా నిలిచింది. పిన్ని అద్దం ముందు నుంచి కదల్లేదు. వయసు మీరిన వాళ్ళకి టాప్ కుట్టించేటప్పుడు ముందు పొడుగు, వెనక పొడుగు విడివిడిగా తీయమని అడగండి, చాలామంది దర్జీలు ముందుది ఒక్కటే తీస్తారు.

పర్లాకిమిడిలో లాడ్జీలు తక్కువ, మాకు దొరికిన దాంట్లో లిఫ్టు లేదు, పై అంతస్తు ఇచ్చారు, అడిగితే కింద గది మార్చారు, ఆ మాట ఫోన్లోనే తేల్చుకోండి.

చివరికి బరంపురం. ఎంపిక, కుట్టు, రెండూ ఒకే చోట కావాలంటే ఈ చుట్టుపక్కల దీన్ని మించింది లేదు, మా ఊరని కాదు. పెద్ద బజారు ఇరుకు సందుల్లో పొద్దున పదకొండుకి ముందే వెళ్ళాలి, తర్వాత ఉక్కపోత, జనం. బరంపురం పట్టు గురించి తెలిసిందే, గుడి గోపురాల్లాంటి కుంభాల అంచు చీరలు ప్రతి ఇంట్లో ఒకటి రెండు బీరువాలో మూలుగుతుంటాయి, కట్టే ఓపిక లేక. అమ్మ చీర ఒకటి అలాగే ఉంటే టాప్ చేయించాను. పాత పట్టు బిగుతుగా కుడితే చంక దగ్గర, వీపు దగ్గర కుట్టు వెంబడి చీలిపోతుంది, అందుకని లోపల మెత్తటి మల్లు గుడ్డ లైనింగ్ వేసి, మామూలు కన్నా ఇంకో అంగుళం లూజు పెట్టించా. కుంభాల అంచు కింద మాత్రమే ఉంచాం, చేతులకి వెయ్యలేదు. చేతులు మోచెయ్యి దాటాక రెండంగుళాలు, చెయ్యి సన్నబడే చోట ఆగాయి. చెయ్యి పొడుగు సరిగ్గా రొమ్ము ఎత్తు దగ్గర ఆగితే అడ్డగీత పడినట్టై ఇంకా వెడల్పుగా కనిపిస్తామని కుట్టిన మాస్టారు చెప్పారు, వదిన పాత ఫోటోలు తీసి చూసుకుంటే నిజమే. మెడ నాకు వి ఆకారం, లోతు ఎక్కువ కాకుండా. బోట్ నెక్ పిన్ని లాంటి సన్నటి వాళ్ళకి బాగుంటుంది, వదినకి అస్సలు వద్దు. పక్క కట్స్ పొట్ట ఎత్తు దాటాకే మొదలవ్వాలి, పైనుంచి మొదలైతే నడుస్తుంటే పొట్ట పక్కలు కనిపిస్తాయి. రొమ్ము కిందే కుచ్చు పెట్టే మోడల్ పొట్ట దాస్తుందని అమ్ముతారు, నాకు వేసి చూస్తే ఏడో నెల అన్నట్టుంది, వద్దన్నాను. పొడుగు, అయిదడుగుల రెండంగుళాల మనిషికి 38 నుంచి 40 అంగుళాలు, తుంటి బాగా వెడల్పున్న చోట మాత్రం అంచు ఆగకూడదు.

బయటి నుంచి వచ్చేవాళ్ళు బస బరంపురం స్టేషన్ దగ్గర కన్నా గోపాల్‌పూర్‌లో పెట్టుకుంటే బాగుంటుంది, పదిహేను కిలోమీటర్లే, ఒడిశా టూరిజం వాళ్ళ పంథనివాస్ ఉంది, సముద్రం గాలి ఉంటుంది, పొద్దున వచ్చి గుడ్డ ఇచ్చి సాయంత్రం వెళ్ళిపోవచ్చు. దర్జీ దగ్గరికి వెళ్ళేటప్పుడు రోజూ వేసుకునే లోపలి బట్టలే వేసుకుని వెళ్ళండి, పాత సాగిపోయిన బ్రా మీద తీసిన కొలత ఎందుకూ పనికిరాదు. చేనేత కాటన్ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి, కుట్టాక కుంచించుకుపోకుండా. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే రెండున్నర మీటర్లు సరిపోతుంది, పన్నా తక్కువైతే మూడు. ముందు ఒక్కటే కుట్టించి, రెండుసార్లు ఉతికి వేసుకున్నాకే మిగతావి ఇవ్వండి. దసరా ముందు నెల వెళ్ళకండి, ఏ మాస్టారూ కొలత తీరుబడిగా తీయరు, సంక్రాంతి అయ్యాక ఖాళీగా ఉంటారు, అప్పుడైతే రెండోసారి వేసి చూసి సరిచేసి ఇస్తారు.