హ్యాటర్స్‌ను ‘హేటర్స్’ చేసిన సబ్‌టైటిల్స్

పాత ఫుట్‌బాల్ మ్యాచ్‌లను పూర్తి నిడివితో చూపించే ఒక స్ట్రీమింగ్ సేవకు నేను నెల రోజుల చందా కట్టింది ప్రధానంగా ఒక్క మ్యాచ్ కోసం. 2023 మే 27న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో లూటన్ టౌన్, కోవెంట్రీ సిటీ తలపడిన ఛాంపియన్‌షిప్ ప్లేఆఫ్ ఫైనల్ అది. మ్యాచ్‌కు ముందు రెండు క్లబ్బుల ముద్దుపేర్లు ఎలా పుట్టాయో చెప్పే అరగంట కార్యక్రమాన్ని కూడా జతచేశారు. ఆ అరగంట కోసమైనా చందా కట్టవచ్చుననిపించింది. అయితే దాన్ని ప్రేక్షకుడికి అందించిన తీరు మీద నాకు ఫిర్యాదులున్నాయి.

ఇంగ్లండ్ రెండో అంచె లీగ్ అయిన ఛాంపియన్‌షిప్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు నేరుగా అగ్రశ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌కు వెళతాయి. మిగిలిన ఒక్క చోటు కోసం అప్పట్లో మూడు నుంచి ఆరు స్థానాల్లోని నాలుగు జట్లు ప్లేఆఫ్‌లో పోటీపడేవి. 1986–87లో మొదలైన ఈ పద్ధతిలో ఫైనల్ 1990 నుంచి ఒకే మ్యాచ్‌గా సాగుతోంది. 2022–23 సీజన్‌లో లూటన్ 80 పాయింట్లతో మూడో స్థానంలోనూ, కోవెంట్రీ 70 పాయింట్లతో అయిదో స్థానంలోనూ నిలిచాయి కానీ, ఏడాదంతా కష్టపడి సంపాదించిన ఆ పది పాయింట్ల ఆధిక్యం ఫైనల్ రోజున ఎందుకూ కొరగాదు. కార్యక్రమం ఈ సంగతిని రెండే నిమిషాల్లో, తికమక లేకుండా వివరించింది.

అసలు బలం ముద్దుపేర్ల భాగంలో ఉంది. లూటన్ ఊరు గడ్డి టోపీల తయారీకి పేరుపడింది కాబట్టి, 1885లో పుట్టిన క్లబ్బును ‘హ్యాటర్స్’ అన్నారు, అంటే టోపీలవాళ్ళు. కోవెంట్రీ కథ దీనికి సరిగ్గా తలకిందులు. ఆ క్లబ్బును 1883లో ప్రారంభించింది సింగర్ సైకిళ్ళ కర్మాగారం ఉద్యోగులు, మొదటి పేరు సింగర్స్. (సింగర్ అనగానే మనకు గుర్తొచ్చే కుట్టుమిషన్ల కంపెనీతో దీనికి సంబంధం లేదు.) 1898లో కోవెంట్రీ సిటీగా మారడంతో పేరులోంచి వృత్తి జాడ చెరిగిపోయింది. 1960ల ఆరంభంలో మేనేజరుగా ఉన్న జిమ్మీ హిల్ జట్టుకు లేత నీలం దుస్తులు తొడిగించాక, అంతవరకు ‘బాంటమ్స్’గా, అంటే పొట్టి జాతి కోళ్ళుగా, పిలిపించుకున్నవారు ‘స్కై బ్లూస్’ అయ్యారు. ఒక ఊరు తాను చేసిన వస్తువును ముద్దుపేరులో దాచుకుంటే, మరో ఊరు ఆ పనిని వదిలేసి రంగును పట్టుకుంది. ఈ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టడం మంచి ఆలోచన.

సెమీఫైనల్‌లో లూటన్ ఓడించిన సండర్‌లాండ్ ప్రస్తావన కూడా చక్కగా కుదిరింది. ‘బ్లాక్ క్యాట్స్’ అన్న పేరు ఏనాటిదో అనిపిస్తుంది కానీ, క్లబ్బు దాన్ని అభిమానుల ఓటుతో అధికారికంగా స్వీకరించింది 2000లోనే. క్రిస్టల్ ప్యాలెస్ 1970లలో పాత ‘గ్లేజియర్స్’ (అద్దాలు బిగించేవాళ్ళు) పేరును వదిలి ‘ఈగల్స్’ అయిన సంగతి, షెఫీల్డ్ వెన్స్‌డే ముద్దుపేరు ‘ఔల్స్’లోని గుడ్లగూబ ఔలర్టన్ అనే ప్రాంతం పేరులోంచి ఎగిరివచ్చిన సంగతి కూడా ఇందులో ఉన్నాయి. అయితే ఈ ఫైనల్‌తో ఏ సంబంధమూ లేని ఆర్సెనల్ క్లబ్బు ‘గన్నర్స్’ పేరు వెనక ఉన్న ఫిరంగుల మీద అయిదు నిమిషాలు ఖర్చుపెట్టి, లూటన్ టోపీ పరిశ్రమ తరవాత ఏమైందో ఒక్క వాక్యంలో తేల్చేయడం నాకు నచ్చలేదు. పెద్ద క్లబ్బు పేరు వినిపించకపోతే ప్రేక్షకుడు లేచి వెళ్ళిపోతాడని నిర్మాతలకు భయం కాబోలు.

ఇక సబ్‌టైటిల్స్ సంగతి. యంత్రం విని రాసిన ఆంగ్ల అక్షరాలను మనిషన్నవాడు ఒక్కసారైనా చదివినట్టు లేదు. ఎనిమిదో నిమిషంలో వ్యాఖ్యాత ఎంతో ఆప్యాయంగా ‘హ్యాటర్స్’ అంటుంటే, కింద తెల్లటి అక్షరాల్లో ‘హేటర్స్’ అని పడింది. టోపీలు కుట్టిన ఊరు కాస్తా ద్వేషించేవాళ్ళ ఊరైపోయింది. ముద్దుపేర్ల గురించిన కార్యక్రమంలో ఆ ముద్దుపేరే తప్పు రాయడం, పెళ్ళి శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు తప్పు అచ్చేసినట్టుంది.

రెండో ఫిర్యాదు వీడియో నిడివి గురించి. నాతో కూర్చున్న మా తమ్ముడికి ఫలితం తెలియదు. తెరమీద మూడు గంటలకు పైబడిన నిడివి కనిపించగానే, “పెనాల్టీల దాకా వెళ్ళిందన్నమాట” అన్నాడు. పాత మ్యాచ్‌లు అమ్ముకునే సేవకు నిడివిని దాచిపెట్టే ఏర్పాటు లేకపోవడం క్షమించరాని లోపం.

మ్యాచ్ ప్రసారంలో మాత్రం వంకపెట్టడానికేమీ లేదు. ఆరంభంలోనే లూటన్ కెప్టెన్ టామ్ లాకియర్ మైదానంలో కుప్పకూలి ఆసుపత్రికి తరలినప్పటి ఆ నిమిషాలను కత్తిరించకుండా ఉంచారు. మిగిలిన ఆట మీద కమ్ముకున్న ఆందోళన అందుకే అర్థమవుతుంది. 23వ నిమిషంలో లూటన్‌కు జోర్డన్ క్లార్క్, 66వ నిమిషంలో కోవెంట్రీకి గుస్తావో హామర్ గోల్స్ చేశారు. అదనపు సమయం చివర్లో జో టేలర్ చేసిన లూటన్ గోల్‌ను చేతికి బంతి తగిలిందని వీడియో రిఫరీ రద్దు చేసినప్పుడు, స్టేడియంలో సగం ఒక్కసారిగా చల్లబడిపోయి, మిగతా సగం భగ్గుమన్న శబ్దం ఇయర్‌ఫోన్లలో విడివిడిగా వినిపించింది. పెనాల్టీల్లో పదకొండు వరసగా వలలో పడ్డాయి, పన్నెండోది, కోవెంట్రీ ఆటగాడు ఫాంకటీ డాబో తన్నినది, గోల్‌పోస్టు పైనుంచి పోయింది. 6–5తో లూటన్ గెలిచింది. 2014 వరకు నాలుగు అంచెల ఫుట్‌బాల్ లీగ్‌కు బయట, అయిదో అంచెలో ఆడిన క్లబ్బు 31 ఏళ్ళ తరవాత మళ్ళీ అగ్రశ్రేణికి చేరింది. అయిదో అంచె నుంచీ ఆ ఒక్క క్లబ్బుకే ఆడుతూ వచ్చిన పెల్లీ రడాక్ ఎంపాంజును కెమెరా వెతికి పట్టుకున్న తీరు చూస్తే, ఈ ప్రసారాన్ని కూర్చినవారికి కథ తెలుసునని అర్థమవుతుంది.

సబ్‌టైటిల్స్ తప్పును సేవ నిర్వాహకులకు రాసి పంపితే, “మీ అభిప్రాయం మాకు విలువైనది” అన్న జవాబు వచ్చింది. చందా గడువు ముగిసే రోజు రాత్రి మరోసారి తెరిచి చూశాను. ఎనిమిదో నిమిషంలో ఆ హేటర్స్ అలాగే ఉన్నారు.